సారుంగ్, హారుంగ్, ఆరు

ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని బచేలీలో ఇంగ్లీషు చెప్పినన్నాళ్ళూ నా దగ్గర పిల్లలు తప్పు రాసిన మాటల్లో అంకెల పేర్లదే మొదటి వరస. 'టూ' రాయమంటే టి పక్కన రెండు ఓలు పెట్టేవారు. 'ఎయిట్' రాయమంటే ఏ, టి, ఈ రాసేవారు. అది 'తిన్నాడు' అనే మాటని వాళ్ళకి తెలియదు. 'వన్' అన్నప్పుడు డబ్ల్యూ చెవికి వినబడుతుంది, కాగితం మీద ఉండదు. 'టూ'లో కాగితం మీద ఉంటుంది, చెవికి వినబడదు. లెక్కపెట్టడం మొదలుపెట్టిన పిల్లకి మొదటి రెండు మాటల్లోనే ఇంత గందరగోళం. "ఆ డబ్ల్యూని టూలోంచి తీసి వన్‌లో పెడితే సరిపోతుంది కదా మేడమ్" అంది ఒకసారి ఆరో తరగతి పిల్ల ఒకతి.

అలా అడిగిన పిల్లకి "అంతే, బట్టీ పట్టు" అని చెప్పడం నాకు మనస్కరించదు. జవాబు ఉంది మరి. ఆ డబ్ల్యూ ఒకప్పుడు పలికేది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో రెండుని 'ట్వా' అనేవారు. చివరి 'ఆ' కాలక్రమాన 'ఓ' అయి, తర్వాత 'ఊ' అయింది. వకారమూ ఊకారమూ రెండూ పెదాలు గుండ్రంగా చుట్టి పలికేవే కాబట్టి మొదటిది రెండోదానిలో కలిసిపోయింది. కవలలను 'ట్విన్' అన్నప్పుడు, రెండుసార్లను 'ట్వైస్' అన్నప్పుడు, పన్నెండుని 'ట్వెల్వ్' అన్నప్పుడు పక్కన ఊకారం లేదు కనక వకారం బతికే ఉంది. ద్వితీయ, ద్విచక్ర వాహనం అని మనం అంటున్నప్పుడు పలికే వకారం దాని తోబుట్టువే. ఎయిట్‌లో జి, హెచ్ కూడా అంతే. అది గొంతులోంచి వచ్చే 'ఖ్' లాంటి ధ్వనికి పెట్టిన గుర్తు. జర్మన్లు ఇప్పటికీ 'ఆఖ్ట్' అంటారు. లాటిన్ 'ఓక్టో'లో కకారం, సంస్కృతం 'అష్ట'లో షకారం ఉన్న చోటనే ఇంగ్లీషులో ఆ రెండక్షరాలు ఉన్నాయి. ఇక వన్ సంగతి వేరు. దాని పాత రూపం 'ఆన్'. అది 'ఓన్' అయ్యాక, పశ్చిమ ఇంగ్లండు యాసలో ముందు వకారం చేరింది; లోకమంతా ఆ యాసే పట్టుకుంది, రాత మాత్రం మారలేదు. 'అలోన్', 'ఓన్లీ' మాటల్లో వకారం లేని పాత పలుకుబడి అలాగే ఉంది. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక అక్షరాలు మెల్లగా స్థిరపడ్డాయి. నోళ్ళు స్థిరపడలేదు.

ఇంగ్లీషు టీచరుగా నా పని అక్కడితో అయిపోవాలి. కానీ నా తరగతిలో కూర్చున్న పిల్లలు ఇంగ్లండు పిల్లలు కారు. సగం మంది ఇళ్ళల్లో గోండీ, కొందరి ఇళ్ళల్లో హల్బీ, ఇద్దరు ముగ్గురి ఇళ్ళల్లో ధుర్వా, గని ఉద్యోగుల ఇళ్ళల్లో తెలుగు, ఒడియా, ఛత్తీస్‌గఢీ. మా నాన్న కూడా పార్వతీపురం వైపు నుంచి బైలాడిలా గని పనికి వచ్చినవాడే. 1968లో గని మొదలై, ఇనుప రాయి రైలెక్కి విశాఖపట్నం రేవుకి పోవడం మొదలయ్యాక మాలాంటి కుటుంబాలు కిరండూల్‌కీ బచేలీకీ చాలా వచ్చాయి. అందుకని ఒకటి నుంచి ఏడు దాకా ఎవరి ఇంటి భాషలో వాళ్ళని బోర్డు మీద రాయమనేదాన్ని. ఏటా జూన్‌లో కొత్త తరగతితో ఇదే నా మొదటి పాఠం.

గోండీ పిల్లవాడు రాసేది ఇది: ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, హయ్యుంగ్, హారుంగ్, ఏడుంగ్. దాని పక్కన తెలుగు పిల్ల రాసేది మీకు తెలిసిందే. రెండు వరసలూ చూడగానే పిల్లలు గోలగోలగా నవ్వేవారు, ఒకరి లెక్క ఒకరు దొంగిలించినట్టు. నాలుంగ్, నాలుగు. ఏడుంగ్, ఏడు. ఒకటి మాత్రం వేరేగా కనబడుతుంది కానీ, 'ఒండొరులు' అన్న మన మాటలో ఉన్న 'ఒండు' ఆ 'ఉండి'కి దగ్గరి చుట్టమే. మూడు దగ్గర ఆగాలి. పాత తెలుగు పుస్తకాల్లో మూఁడు అని అరసున్నతో రాసేవారు. ఆ అరసున్నని పలికిన తెలుగు నోరు వందల ఏళ్ళుగా లేదు. అది మన సైలెంట్ లెటర్. ఒకప్పుడు అక్కడ నిండు సున్న పలికేదని వ్యాకరణం చెబుతుంది. గోండీ పిల్లవాడికి వ్యాకరణం అక్కర్లేదు. 'మూండ్' అంటూ రోజూ పలుకుతూనే ఉన్నాడు.

ఐదు, ఆరు దగ్గర అసలు విషయం ఉంది. తెలుగులో ఆ రెండూ అచ్చులతో మొదలవుతాయి. బస్తర్ గోండీలో ముందు హకారం ఉంది. ఇదే గోండీని ఉత్తరాన మండ్ల, బేతుల్, ఛింద్వాడ వైపు వింటే హకారం చోట సకారం: సయ్యుంగ్, సారుంగ్. దక్షిణాన సుక్మా దాటి కోంటా, శబరి నది వైపు కోయ, దోర్లా ఊళ్ళకి వస్తే ఆ హకారం కూడా ఉండదు, మన ఆరులాగే అచ్చుతో మొదలవుతుంది. మరి ధుర్వా పిల్లల సంగతి? వాళ్ళ భాషకి పండితులు పెట్టిన పేరు పర్జీ. కాంగేర్ లోయ, దర్భా చుట్టుపక్కల వాళ్ళ ఊళ్ళు. వాళ్ళు ఐదుని 'చేదుక్' అంటారు. ఐదుగురు మనుషులని చెప్పాలంటే 'చేవిర్'. మన పాత తెలుగులో ఐదు 'ఏను', ఐదుగురు 'ఏవురు'. ఆ ఏను ఇప్పటికీ పదిహేనులో చివర కూర్చుని ఉంది. చేవిర్, ఏవురు: ముందున్న చకారం తప్ప తేడా ఏముంది?

చ, స, హ, ఆ తర్వాత ఏమీ లేదు. ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అనుకునే భాషలో ఐదు, ఆరు అనే మాటలు చకారంతో మొదలయ్యేవని భాషాశాస్త్రం తేల్చింది. ధుర్వా ఆ చకారాన్ని దాచుకుంది. ఉత్తర గోండీ దాన్ని సకారం చేసింది. బస్తర్ గోండీ ఇంకా వదులు చేసి హకారం చేసింది. తెలుగులో అది పూర్తిగా పోయింది, అదీ శాసనాలు చెక్కడం మొదలుపెట్టే నాటికే. తమిళంలో కూడా అప్పటికే పోయింది. పుస్తకాల్లో వెతికితే దొరకని ఈ మెట్లు జగదల్‌పూర్ సంతలో పక్కపక్కనే దొరుకుతాయి. దర్భా నుంచి వెదురు బుట్టలు తెచ్చిన ధుర్వా మనిషి, చింతపండు తెచ్చిన, గోండీ మాట్లాడే మురియా ఆడమనిషి, మిరపకాయలు కొనడానికి వచ్చిన తెలుగు ఇల్లాలు ముగ్గురూ ఐదు అని తమ తమ భాషలో అంటే చాలు.

దీన్ని వరసగా పేర్చి చూపించినవాడు మన ఒంగోలు మనిషి, భద్రిరాజు కృష్ణమూర్తి. టి. బరో, ఎస్. భట్టాచార్య 1953లో పర్జీ భాష మీద పుస్తకం వేశారు, 1960లో గోండీ మాండలికాల మాటల పట్టిక ప్రకటించారు. ఏ ఊళ్ళో ఏ మాట ఎలా పలుకుతారో ఆ పట్టికలో ఉంది. కృష్ణమూర్తి దాన్ని ముందు పెట్టుకుని 1998లో ఒక వ్యాసం రాశారు. సకారం హకారమై, హకారం మాయమయ్యే మార్పు గోండీలో అన్ని మాటలనీ ఒకేసారి పట్టుకోలేదనీ, ఒక్కొక్క మాటనీ పట్టుకుంటూ ఊరూరా పాకిందనీ, చివరికి మాటలన్నీ ఆ దారినే పోతాయనీ ఆయన చూపించారు. తమిళ తెలుగుల్లో వేల ఏళ్ళ కిందట ఎవరూ చూడకుండా జరిగిపోయినటువంటి మార్పు ఇక్కడ బతికున్న మనుషుల నోళ్ళల్లో నడుస్తోంది. ఆ వ్యాసం చదివిన రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. నేను రోజూ హాజరు పిలిచే పిల్లల మాటలు అవి.

అంకెలే కాదు. ఉప్పుని ఉత్తర గోండీలో 'సోవర్' అంటారు, ఇంకోచోట 'హోవర్', మరోచోట 'ఓవర్'. మనకది ఉప్పు. ఇవ్వడం ఒకచోట 'సీ', ఒకచోట 'హీ', ఒకచోట వట్టి 'ఈ'. ఈత చెట్టు సంగతి చూడండి. బస్తర్‌లో ఈత కల్లుని 'ఛింద్ రస్' అంటారు. గోండీలో 'సిందీ', 'హిందీ' అనే రూపాలున్నాయి. హైదరాబాదులో సేంది అమ్మిన దుకాణాలని 'సేంది కాంపౌండు' అనేవారు. ఛింద్, సేంది, ఈత: ముందున్న అక్షరం ఎక్కడ ఉందో, ఎక్కడ పోయిందో చెట్టు ఒక్కటే సాక్ష్యం. ఈ పోయిన అక్షరానికి తెలుగులో గుర్తు కూడా మిగల్లేదు. ఇంగ్లీషువాళ్ళు డబ్ల్యూని కాగితం మీదైనా ఉంచుకున్నారు. మనది కాగితం పుట్టకముందే పోయింది.

గ్రీకు భాషలో సరిగ్గా ఇదే జరిగింది, అదీ అంకెల్లోనే. సంస్కృతంలో సప్త, లాటిన్‌లో సెప్టెమ్, ఇంగ్లీషులో సెవెన్. పాత గ్రీకులో 'హెప్టా'. సకారం హకారమైంది. ఇప్పటి గ్రీకులో 'ఎఫ్టా'. హకారం కూడా పోయింది. పోయినా, ఆ హకారానికి పెట్టిన చిన్న కొక్కెం గుర్తుని గ్రీకులు అక్షరం నెత్తిమీద రాస్తూనే ఉన్నారు, పిల్లలు దాన్ని బట్టీ పడుతూనే ఉన్నారు. 1982లో గాని ప్రభుత్వం దాన్ని బడి రాతలోంచి తీసేయలేదు. రెండు భాషా కుటుంబాలకీ ఏ సంబంధమూ లేదు. మనిషి నోరు మాత్రం ఒకటే. సకారం పలకాలంటే నాలుక కొనని పళ్ళ దగ్గర బిగించి గాలిని సన్నగా వదలాలి. ఆ బిగువు సడలితే మిగిలేది హకారం. అదీ సడలితే మిగిలేది అచ్చు.

బస్తర్‌లో తెలుగు ఎప్పటిదని అడిగితే చాలామంది కాకతీయుల పేరు చెబుతారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం పెట్టాడని బస్తర్ రాజవంశం చెప్పుకునేది. దంతేవాడలో దంతేశ్వరీ గుడికి వెళ్ళినప్పుడల్లా మా నాన్న కూడా ఆ కథే చెప్పేవాడు, కొంచెం గర్వంగా. అంతకు ముందే నాగవంశపు రాజుల కాలంలో బార్సూర్‌లో తెలుగు శాసనం వెలిసింది. అవన్నీ నిజమైన చరిత్రే. కానీ హారుంగ్‌కీ ఆరుకీ ఉన్న చుట్టరికం ముందు ఆ రాజులందరూ నిన్న మొన్నటివాళ్ళు. తెలుగు మాట్లాడేవాళ్ళు బస్తర్‌కి వలస వచ్చినవాళ్ళమని అనుకుంటాం. అంకెలు చూస్తే ఇది వలస కథ కాదు, వేరు కాపురాల కథ.

ఏడు దాటాక కథ మారుతుంది. వేసవిలో తునికాకు కల్లం దగ్గర నిలబడి వినండి. ఇక్కడ దాన్ని ఫడ్ అంటారు. ఆడవాళ్ళు ఆకుని ఆకు మీద పేర్చి, యాభై అవగానే నారతో కట్టేస్తారు. ఒక్క కట్టకి యాభై ఆకులు, బస్తాకి వెయ్యి కట్టలు, ఇది సర్కారు లెక్క. పెద్దావిడ ఒకామె ఆకులు పేరుస్తూ లోగొంతుకతో లెక్కపెడుతుంటే విన్నాను. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్ అని వెళ్ళి, హారుంగ్, ఏడుంగ్ అని, ఆ వెంటనే ఊపిరి మార్చకుండా ఆఠ్, నౌ, దస్ అంది. చేతి వేగం తగ్గలేదు. ఆమెకి అది రెండు భాషలు కాదు, ఒకటే లెక్క.

ఎనిమిది నుంచి గోండులకి లెక్క రాదని దీనికి అర్థం చెప్పినవాళ్ళున్నారు. అది తప్పు. ఆదిలాబాద్ గోండీలో ఎనిమిదికి 'అర్మూర్' ఉంది, పదికి 'పద్' ఉంది. పద్ మన పదే. బస్తర్‌లో ఆ మాటలు వెనక్కి పోవడానికి కారణం సంతే అని నా నమ్మకం. ఉప్పు బంజారాల ఎద్దుల మీద వచ్చేది. అడవి సరుకంతా ఉప్పుకి మారకం పోయేది. సోలీ, పైలీ కొలతలు పట్టుకున్న చెయ్యి షావుకారిది. చిన్న లెక్క ఇంట్లోది, పెద్ద లెక్క వ్యాపారిది. పెద్ద లెక్కకి వ్యాపారి మాటే నిలబడుతుంది, ఎందుకంటే అక్కడ మోసపోకుండా ఉండాలంటే అతని మాటలోనే లెక్కపెట్టాలి. తెలుగువాళ్ళం మనమూ ఇదే చేశాం. వెయ్యి దాకా మన మాటలు. లక్ష, కోటి సంస్కృతానివి. ఇంగ్లీషువాడు 'మిలియన్' ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నాడు. ఎవరూ వాళ్ళకి లెక్క రాదనలేదు. ఇరవైల లెక్కన లెక్కించే 'కోరీ' బస్తర్ పల్లెల్లో ఇంకా ఉంది. ఇంగ్లీషులో ఇరవైకున్న 'స్కోర్' అన్న మాట కర్ర మీద పెట్టిన గాటు నుంచి పుట్టింది.

1906లో గ్రియర్సన్ భాషా సర్వే నాలుగో సంపుటం అచ్చయింది. అందులో గోండీ ఉంది. ఆ సర్వేలో ప్రతి భాషకీ అడిగిన మాటల పట్టిక ఒకటి, రెండు, మూడుతోనే మొదలవుతుంది. 'నేను' అన్న మాట కూడా అంకెల తర్వాతే. కొత్త భాష దగ్గరికి వెళ్ళినవాడు ముందు అంకెలే అడగడం సరైనదే అనుకుంటాను. చుట్టరికం అక్కడే బయటపడుతుంది. 1942లో జగదల్‌పూర్ నుంచే ఎ. ఎన్. మిచెల్ దండామీ మారియాల గోండీకి వ్యాకరణం తెచ్చాడు. రాసినవాళ్ళంతా బయటివాళ్ళే, చదివినవాళ్ళూ బయటివాళ్ళే. ఆ పుస్తకాలేవీ ఫడ్ దగ్గర లెక్కపెట్టే ఆవిడ మనవరాలి చేతికి రాలేదు.

ఇక్కడ నాకు గిడుగు రామమూర్తి గుర్తొస్తాడు. తెలుగువాళ్ళకి ఆయన వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషి. అరసున్నలూ బండి ఱలూ పిల్లల నెత్తిన రుద్దిన బడి భాష మీద ఆయన యుద్ధం చేశాడు. మూఁడులో అరసున్న, ఆఱులో బండి ఱ, నూఱులో బండి ఱ. ఏడు అంకె, ఏఁడు అంటే సంవత్సరం. పలకని తేడాలు రాతలో చూపలేదని పిల్లలు దెబ్బలు తిన్న రోజులవి. అదే మనిషి పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే పాఠ్యపుస్తకాలు తయారుచేశాడు. ఈ రెండు పనులనీ మనం వేర్వేరుగా చెప్పుకుంటాం. నా దృష్టిలో అది ఒకటే పని. పిల్ల నోట్లో ఉన్నది కాగితం మీదకి రావాలి, అంతే ఆయన పట్టుదల.

గోండీకి ఇప్పుడు ఆ ఘట్టం వచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ భాష మాట్లాడేవాళ్ళు దాదాపు 30 లక్షల మంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో దానికి చోటు లేదు. మధ్యప్రదేశ్‌లో, ఛత్తీస్‌గఢ్‌లో దేవనాగరిలో రాస్తారు, తెలంగాణలో తెలుగు లిపిలో. సొంత లిపులూ ఉన్నాయి: 1918లో బాలాఘాట్ జిల్లా మనిషి మంగల్‌సింగ్ మసరామ్ చేసినది ఒకటి, ఆదిలాబాద్ వైపు గుంజాల గ్రామంలో చేతిరాత ప్రతుల్లో బయటపడినది ఇంకొకటి. రెండూ 2017, 2018లో యూనికోడ్‌లో చేరాయి, వాటి అంకెలతో సహా. 2020 జనవరి 26న అప్పటి ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ప్రాథమిక తరగతుల్లో గోండీ, హల్బీ లాంటి భాషల్లో చదువు చెబుతామని ప్రకటించారు.

పుస్తకం వేసేటప్పుడు ఆరుని ఎలా రాయాలి? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. ఆరు రాష్ట్రాల గోండులకీ ఒకే రాత ఉండాలనేవాళ్ళు సకారమే రాయాలంటారు, అది పాతది, పూర్తిది అని. వాళ్ళ కోరిక నాకు అర్థమవుతుంది. ఒకే రాత ఉంటే షెడ్యూల్లో చోటు కోసం అడగడానికి బలం వస్తుంది. కానీ బచేలీ పిల్లకి సారుంగ్ అని అచ్చు వేసిచ్చి, నువ్వు దాన్ని హారుంగ్ అని చదువుకో అంటే, ఆ రోజే గోండీలో మొదటి పలకని అక్షరం పుడుతుంది. కోంటా పిల్లకైతే సకారమూ లేదు, హకారమూ లేదు. ఉన్నదాన్ని వదిలేసి చదవడం నేర్పాలి. టూలో డబ్ల్యూని ఇంగ్లీషువాళ్ళు కావాలని పెట్టుకోలేదు. నోరు ముందుకు పోయింది, రాత వెనక ఉండిపోయింది. మనం చేయబోయేది అలాంటిది కాదు. నోరు ఎక్కడుందో తెలిసీ రాతని ఇంకోచోట పెట్టడం.

నన్నడిగితే ఒకటో తరగతి పుస్తకం మాత్రం ఎక్కడి పలుకుబడిలో అక్కడే అచ్చు వేయాలి. దంతేవాడలో హ, మండ్లలో స, కోంటాలో అచ్చు. అంకెల పేజీ ఒక్కటి మార్చి అచ్చు వేయడానికి ఖర్చు ఎంతని? నాలుగో తరగతికో ఐదో తరగతికో వచ్చాక మూడు రూపాలూ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. వాటి పక్కన ధుర్వా వాళ్ళ చేదుక్‌నీ, తెలుగు ఐదునీ కూడా పెట్టాలి. ఎనిమిదికి అర్మూర్, పదికి పద్ అని ఆదిలాబాద్ నుంచి తెచ్చి, ఆఠ్, దస్ పక్కన రాయాలి, ఆఠ్‌ని కొట్టేయనక్కర్లేదు. ఆ పేజీ చదివిన పిల్ల ఆరో తరగతిలో టూ దగ్గర డబ్ల్యూని చూసి అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. అది ఇక్కడ ఎందుకుందని కాదు, ఎప్పటిదాకా పలికారని అడుగుతుంది.